దేవుడు లేనోళ్ళు అనే ముందు

మన గూడేల్లో గొత్తికోయల మాట వస్తే చాలు, నాలుగు మాటలు వరసగా వినబడతాయి. "వాళ్ళకి దేవుడు లేడు." "వాళ్ళవన్నీ చేతబడులు." "బియ్యం మూటకి ఏసు దగ్గరికి పోయినోళ్ళు." "వాళ్ళ వేల్పులు మనకు పడవు, ఊరికి అరిష్టం." ఈ మాటలు అనేది మైదానం నుంచి వచ్చిన షావుకారో, ఫారెస్టు ఆయనో అయితే నేను ఈ వ్యాసం రాయనక్కర లేదు. వాళ్ళకు జవాబు చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అంటున్నది మనవాళ్ళు. కోయ పెద్దలు, చదువుకున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, బడిలో మనతో కలిసి పాఠం చెప్పే ఉపాధ్యాయులు. అందుకే రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

ముందు వాళ్ళెవరో గుర్తు చేసుకుందాం. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలయింది. ఊళ్ళు తగలబడ్డాయి. ఒకవైపు జుడుం, పోలీసులు, ఇంకోవైపు అన్నలు. నడుమ ఊరి జనం. జుడుం క్యాంపులోకి పోతే ఒకరు చంపుతారు, పోకపోతే ఇంకొకరు చంపుతారు. వందల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పిల్లల్ని చంకనేసుకుని, దొరికిన గిన్నే చెంబూ నెత్తిన పెట్టుకుని, అడవి దారిన నడిచి మన వైపు వచ్చారు. చింతూరు, చర్ల, దుమ్ముగూడెం, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ఆదివాసీల మీదికి పంపడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఇక్కడి గుడిసెల్లో పుట్టిన పిల్లలు బడి ఈడుకు వచ్చారు.

చట్టం లెక్కలో వాళ్ళు శరణార్థులు కూడా కారు. శరణార్థి అనిపించుకోవాలంటే దేశం సరిహద్దు దాటాలట. వీళ్ళు దాటింది రాష్ట్రం సరిహద్దు మాత్రమే. కాబట్టి నిర్వాసితులంటారు, వలస ఆదివాసీలంటారు, ఆక్రమణదారులంటారు. గొత్తికోయ అన్న పేరు కూడా మనం పెట్టిందే. వాళ్ళని వాళ్ళు ఏమంటారో అడిగి చూడండి. కోయతోర్ అంటారు. మన ముసలివాళ్ళు తమను తాము అనుకునే మాట కూడా అదే. దేవుణ్ణి వాళ్ళు పెన్ అంటారు. పండుగను పండుం అంటారు. ఇది పరాయి భాష అనిపించేవాళ్ళు, ముందు ఇంటికి పోయి అమ్మమ్మతో నాలుగు మాటలు మాట్లాడి రండి.

ఇక ఆ నాలుగు మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, వాళ్ళకి దేవుడు లేడన్న మాట. ఈ మాట ఎలా పుట్టింది? వాళ్ళ గుంపుకి పోయినవాడికి గుడి కనబడలేదు, విగ్రహం కనబడలేదు, గోడ మీద పటం కనబడలేదు. కాబట్టి దేవుడు లేడు. అయ్యా, మేడారంలో విగ్రహం ఉందా? గద్దె ఉంది, వెదురు ఉంది, చిలకలగుట్ట నుంచి దిగి వచ్చే కుంకుమ భరిణె ఉంది. మనది కాని కంటితో చూసినవాడు అక్కడ కూడా దేవుడేడి అనే అడుగుతాడు. వందేళ్ళు అలాగే అడిగారు. కోయోళ్ళకి దేవుళ్ళేంటి, రాళ్ళకీ చెట్లకీ మొక్కుతారని నవ్వారు. ఆ నవ్వు మన తాతల ముఖం మీద పడిందే. ఈ రోజు దాన్ని మనం తీసుకుపోయి బీజాపూర్ నుంచి వచ్చినవాళ్ళ ముఖం మీద పడేస్తున్నాం.

ఇంకో సంగతి ఉంది. ఆదివాసీ దేవుడు సంచిలో పెట్టుకుని పోయే దేవుడు కాదు. మన వేల్పుకి ఒక గుట్ట ఉంటుంది, ఒక చెట్టు ఉంటుంది, ఊరి పొలిమేర ఉంటుంది, చచ్చిపోయిన పెద్దల రాళ్ళుంటాయి. పెర్మ ఆ నేలకే పూజారి. బస్తర్‌లో దుంగలతో కట్టి, నెమలి ఈకలు పెట్టి, నలుగురు భుజాన మోసే అంగ పెన్ కూడా ఒక ఊరికి, ఒక వంశానికి చెందిన పెన్నే. ఊరు తగలబడిపోయి రాత్రికి రాత్రి పారిపోయేవాడు పిల్లల్ని ఎత్తుకుంటాడా, పెన్‌ను ఎత్తుకుంటాడా? దేవుడు అక్కడే ఉండిపోయాడు. మనుషులు ఇక్కడికి వచ్చారు. పండుం రోజులొస్తే కొందరు దొంగల్లాగా అడవి దారిన పాత ఊరికి పోయి, కోడిని ఇచ్చి, మళ్ళీ వస్తారు. అది దేవుడు లేకపోవడమా? దేవుడికి దూరమైన బాధ అది. ఆ బాధను చూసి లోటు అని పేరు పెట్టడం మనకు తగదు.

రెండోది చేతబడి. ఇది నవ్వి ఊరుకునే మాట కాదు. ఈ మాట వెనక కర్ర ఉంటుంది, గొడ్డలి ఉంటుంది. గుంపులో ఎవరో ఒక ముసలాయన పసరు మందు ఇస్తాడు, ఏదో మంత్రం అంటాడు. పక్క గూడెంలో ఒక బిడ్డకు జ్వరం వస్తుంది. దోమ కుట్టింది, మలేరియా అని రక్తపరీక్ష చెబుతుంది. కానీ పరీక్ష చేసే మనిషి వచ్చే లోపే మాట ఊరంతా తిరుగుతుంది. వాళ్ళు వచ్చాకే ఇది మొదలయిందని. మన వడ్డె చేస్తే పూజ, వాళ్ళ వడ్డె చేస్తే చేతబడి, ఈ తేడా ఎక్కడిది? టోన్హీ అని నింద వేసి హింసించడాన్ని నేరం చేస్తూ ఛత్తీస్‌గఢ్ 2005లోనే చట్టం చేసింది. వాళ్ళు ఊరు విడిచిన ఏడాదే. అక్కడ ఆ నింద నుంచి కాపాడడానికి చట్టం వచ్చింది, ఇక్కడికొస్తే అదే నింద మన నోట్లోంచి వస్తోంది. జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాల్సిన చదువుకున్నవాళ్ళు, ఎవరు చేశారో చూపించమని వేలు చాపేవాళ్ళ పక్కన నిలబడితే, మన చదువు దేనికి?

మూడోది బియ్యం మూట. గొత్తికోయ గుంపుల్లో కొందరు చర్చికి పోతున్నారు, నిజం. ఎందుకు పోతున్నారని అడిగే ముందు, వాళ్ళ దగ్గరికి మొదట ఎవరు పోయారో అడుగుదాం. రోడ్డు లేదని నర్సమ్మ పోలేదు. పేర్లు లేవని రేషను కార్డు పోలేదు. మన రాష్ట్రం పిల్లలు కారని బడి పోలేదు. పాస్టరు పోయాడు. జ్వరం బిళ్ళ ఇచ్చాడు, పేరు పెట్టి పిలిచాడు, పక్కన కూర్చున్నాడు. మనం అడుగు పెట్టని గుడిసెలోకి ఇంకొకరు అడుగు పెడితే, అడుగు పెట్టినవాడిదా తప్పు, తెరిచిన గుడిసెదా?

నేను పాస్టరును వెనకేసుకొస్తున్నానని కొందరు అంటారు. కాదు. మీ వేల్పులు సైతాన్లు, డోలు కాల్చెయ్యండి అని చెప్పే పాస్టరు మీద నాకు ఎంత కోపమో, మీరు అసలు హిందువులే, మర్చిపోయారు, తిరిగి రండి అని కాషాయం కండువా కప్పేవాళ్ళ మీద కూడా అంతే కోపం. ఇద్దరూ ఆ మనిషిని ఖాళీ కుండగానే చూస్తారు. ఎవరి నీళ్ళు వాళ్ళు పోద్దామనుకుంటారు. ఆ కుండలో అప్పటికే నీళ్ళున్నాయని ఇద్దరికీ పట్టదు. కానీ ఒక ఆదివాసీ తన ఇష్టంతో ఏసుకు మొక్కితే అది వాడి ఇష్టం. ఆ కారణంతో వాణ్ణి ఊరి నుంచి తరమడానికి మనకు హక్కు లేదు. 2022 డిసెంబరులో నారాయణపూర్ ప్రాంతంలో చర్చికి పోయే ఆదివాసీల్ని పొరుగు ఆదివాసీలే ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. 2023 జనవరి 2న పట్టణంలో చర్చి మీద పడ్డారు. తన్నినవాడూ కోయతోరే, దెబ్బ తిన్నవాడూ కోయతోరే. ఆ నిప్పును గోదావరి ఇవతలికి తెచ్చుకుందామా?

నాలుగోది, వాళ్ళ వేల్పులు మనకు పడవు, వాళ్ళు ఎక్కడి నుంచో వచ్చారన్న మాట. ఎక్కడి నుంచో వచ్చారా? మరి మనం? దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ అనే తెల్లాయన 1870ల్లో భద్రాచలం కోయల గురించి రాశాడు. ఆయన రాతల్ని తర్వాత థర్‌స్టన్ 1909లో వేసిన కులాలు తెగల పుస్తకంలో వాడుకున్నాడు. అప్పటి మన పెద్దలు ఆయనకు ఏం చెప్పారంటే, తమ వాళ్ళు రెండు వందల ఏళ్ళ కిందట కరువు వల్ల, తగాదాల వల్ల బస్తర్ పీఠభూమి వదిలి కిందికి వచ్చారని. కరువు, తగాదాలు. బస్తర్. కిందికి దిగి రావడం. మాటలు ఒక్కొక్కటీ చదువుకోండి. గొత్తికోయల కథకీ మన కథకీ తేడా ఏంటో చెప్పండి. మనం ముందు దిగాం, వాళ్ళు వెనక దిగారు. అంతే తేడా.

మన తల్లి సమ్మక్క కథే తీసుకోండి. వేటకు పోయిన కోయ దొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిబిడ్డ కనబడింది. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ గట్టు, ఏ వేల్పు అని వాళ్ళు అడగలేదు. ఎత్తుకుని గూడేనికి తెచ్చుకున్నారు. ఆ బిడ్డే పెరిగి పన్ను కట్టలేని జనం కోసం కాకతీయుల సైన్యంతో పోరాడింది. ఈ కథను ప్రతి జాతరకీ మైకులో చెప్పుకుంటాం. భద్రాచలం రాముడి కథలోనూ అంతే. పుట్టలో దొరికిన పరాయి దేవుడికి తాటాకు పందిరి వేసి, తాటిపండు పెట్టింది పోకల దమ్మక్క. అడవి మనిషి అడిగిన ప్రశ్న ఆకలేస్తోందా అని. నీ మతమేంటి అని కాదు. ఆ మనుషుల వారసులమని చెప్పుకునే మనం, తలదాచుకోవడానికి వచ్చినవాణ్ణి దేవుడి పేరు అడిగి పంపేస్తున్నాం.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ నాలుగు మాటల కింద ఇంకో మాట దాగి ఉంది. అది భూమి.

దాన్ని దాచి మాట్లాడితే లాభం లేదు. మన యువకులకు పోడు పట్టాలు రాలేదు. ఉన్న రెండెకరాలు ముగ్గురు అన్నదమ్ములకు చాలడం లేదు. గొత్తికోయలు వచ్చి లోపలి అడవి నరికారు, నిజం. మిర్చి కోతలకు తక్కువ కూలికి పోతున్నారు, అదీ నిజం. మన కడుపు మంటకు కారణం ఉంది. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. అది హత్య. చేసినవాళ్ళకు శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? చంపింది ఇద్దరు, తరిమెయ్యమన్నది గుంపు మొత్తాన్ని. వీళ్ళను ఛత్తీస్‌గఢ్‌కు పంపెయ్యాలని పంచాయతీ తీర్మానం చేసింది. ఒక మనిషి నేరం వాడి జాతికంతా అంటించే లెక్క మనకు కొత్త కాదు. మన తాతల మీద వేసిన లెక్కే అది.

అంతకు ముందు, 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలో జలగలంచ గుంపు గుడిసెల్ని ఫారెస్టు వాళ్ళు కూల్చారు. ఆ రోజు పక్క ఊళ్ళ నుంచి ఎన్ని గొంతులు లేచాయో మీకు తెలుసు. లేవకపోవడానికి కారణం ఏంటి? వాళ్ళు మనలాంటి వాళ్ళు కారు అని అప్పటికే పదేళ్ళుగా చెప్పుకుంటున్నాం. దేవుడు లేనోళ్ళు, మంత్రాలోళ్ళు, మతం మారినోళ్ళు. అలా చెప్పుకున్నాక, వాళ్ళ గుడిసె కూలితే మన గుండె కదలదు. మతం మాటలు చేసే పని ఇదే. భూమి తగాదా అయితే కూర్చుని మాట్లాడుకోవచ్చు, హద్దు రాయి పాతుకోవచ్చు. దాన్ని దేవుడి తగాదా చేస్తే హద్దు రాయి ఎక్కడ పాతుతాం?

భూమి గురించి అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి, వేరేవాళ్ళను అడగాలి. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 అని తేదీ పెట్టింది. సల్వాజుడుం మొదలయింది ఆ ఏడాది జూన్‌లో. ఆ తర్వాత ప్రాణం అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళకు ఇక్కడ హక్కు లేదు, అక్కడ ఊరు లేదు. అదే చట్టంలో 3(1)(ఎం) అని ఒక అంశం ఉంది. పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్ళగొట్టబడిన వాళ్ళకు బదులు భూమితో సహా పునరావాసం హక్కని చెబుతుంది. దానికీ అదే తేదీ. ఈ తేదీ సంగతి తేల్చమని ప్రభుత్వాల్ని అడుగుదాం. ఛత్తీస్‌గఢ్ ఏం ఇస్తుంది, ఇక్కడి ప్రభుత్వం ఏం ఇస్తుంది అని అడుగుదాం. మా పట్టాలు ఎక్కడ, వాళ్ళ పునరావాసం ఎక్కడ అని రెండు ప్రశ్నలు ఒకే కాగితం మీద రాద్దాం. ఆ కాగితం రాయకుండా పక్క గుడిసెవాడి దేవుణ్ణి తిట్టడం తేలిక. తేలిక కాబట్టే దాన్ని మనకు అలవాటు చేశారు.

ఉపాధ్యాయ మిత్రులకు విడిగా నాలుగు మాటలు చెప్పాలి.

బడి అడ్మిషను రిజిస్టరులో మతం అని ఒక గడి ఉంది. గొత్తికోయ బిడ్డ వస్తే ఆ గడిలో ఏం రాస్తున్నాం? చాలాచోట్ల బిడ్డను అడగరు, తండ్రిని అడగరు. హిందూ అని రాసేస్తారు. పేరు చివర పాల్ అనో, మరియ అనో ఉంటే క్రైస్తవ అని రాసేస్తారు. అర నిమిషం పని. ఆ అర నిమిషంలో ఒక జాతి దేవుళ్ళందరినీ కొట్టేస్తున్నాం. ఇది మన పిల్లల విషయంలోనూ జరిగింది. తెల్లవాళ్ళ కాలంలో జనాభా లెక్కల్లో ఆదివాసీ మతానికి ఏదో ఒక పేరుతో ఒక వరస ఉండేది. 1951 నుంచి ఆ వరస లేదు. అయినా 2011 లెక్కల్లో దేశంలో సుమారు 79 లక్షల మంది ఆ ఆరు మతాల్లో లేని పేరు చెప్పి రాయించుకున్నారు. అందులో సర్నా అని చెప్పినవాళ్ళే 49 లక్షలకు పైగా. గోండి అని చెప్పినవాళ్ళు పది లక్షలు. సర్నాకు వేరే గడి కావాలని జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో తీర్మానం చేసింది.

జనాభా లెక్కలకు ఇల్లిల్లూ తిరిగేది ఎక్కువగా మన ఉపాధ్యాయులే. నియమం ఏం చెబుతుందంటే, ఇంటివాళ్ళు ఏ మతం చెబితే అదే రాయాలి, మనం ఊహించి రాయకూడదు. అడవి లోపలి గుంపుకు మనం పోవాలి. పోయి అడగాలి. పెన్ అంటే పెన్ అని రాయాలి, కోయ అంటే కోయ, ఏసు అంటే క్రైస్తవ. కలం మన చేతిలో ఉంది కాబట్టి దేవుణ్ణి నిర్ణయించే అధికారం మనకు వచ్చిందనుకోవద్దు.

ఇంకొకటి. ఏసును నమ్ముతున్నాడు కాబట్టి వీడు ఎస్టీ కాడని కొందరు ఉపాధ్యాయులు పిల్లల ముందే అంటున్నారు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో లేదు. 1950 నుంచీ లేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళం ఈ తేడా తెలుసుకోవాలి. గొత్తికోయ బిడ్డకు కుల ధ్రువీకరణ పత్రం రాకపోవడానికి కారణం వాళ్ళ దేవుడు కాదు. ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు కింద మురియా, మారియా అని ఉన్నారు. ఇక్కడి జాబితాలో కోయ పక్కన గుట్ట కోయ అని ఉంది, గొత్తికోయ అన్న పేరు లేదు. ఒక పేరుకీ ఇంకో పేరుకీ మధ్య, ఒక రాష్ట్రానికీ ఇంకో రాష్ట్రానికీ మధ్య ఆ బిడ్డ పడిపోయాడు. లేపాల్సింది మనం. నువ్వు ఏ దేవుడివాడివిరా అని అడగడం కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక్కసారి గోదావరి కింది వైపు చూడండి. పోలవరం ముంపులో మన కోయలు, కొండరెడ్లు ఊళ్ళు వదిలి కాలనీలకు పోయారు, ఇంకా పోతున్నారు. ముత్యాలమ్మ చెట్టు నీళ్ళలో మునుగుతుంది. పెద్దల రాళ్ళు నీళ్ళలో మునుగుతాయి. సిమెంటు కాలనీలో వేల్పుకు గుట్ట ఎక్కడ దొరుకుతుంది? రేపు కాలనీ పక్క ఊరివాళ్ళు చూసి ఏమంటారు? వీళ్ళకి గుడి లేదు, దేవుడు లేడు, ఏవో మంత్రాలు చేస్తారు అంటారు. ఆ రోజు మనకు కోపం వస్తుంది. రావాలి. కానీ ఆ కోపానికి బలం ఉండాలంటే, ఈ రోజు మనం ఆ మాట అనకుండా ఉండాలి.

మన పద్ధతి మనకు లేక కాదు. కొత్తగా వచ్చినవాడు ఊరి పెర్మ దగ్గరికి పోయి, ఊరి నేలకు కోడిని ఇచ్చి, ఇక్కడ ఉంటాను తల్లీ అని చెప్పుకుంటే, ఆ నేల వాణ్ణి ఒప్పుకున్నట్టే. అది మన పెద్దలు పెట్టిన మర్యాద. అందులో వచ్చినవాడికి బాధ్యత ఉంది. ఇక్కడి గుట్టను గౌరవించాలి, పెద్దల మాట అడగాలి, అడిగిన చోటే పోడు కొట్టాలి. ఉన్నవాడికి కూడా బాధ్యత ఉంది. చోటు ఇచ్చాక వెక్కిరించకూడదు. ఈ మర్యాదను మళ్ళీ తీద్దాం. మన విత్తనాల పండుగకు పక్క గుంపువాళ్ళను పిలుద్దాం. వాళ్ళ పండుంకి మనం పోదాం. వాళ్ళ పాటలో ఎన్ని మాటలు మనకు తెలుసో లెక్కపెట్టుకుందాం. చర్చికి పోయేవాళ్ళు వస్తే వాళ్ళనూ అదే చాప మీద కూర్చోబెడదాం.

ఆ చాప మీద కూర్చున్నాక భూమి మాట ఎత్తుదాం. గట్టిగానే ఎత్తుదాం. ఎన్ని ఎకరాలు, ఎక్కడి దాకా, కూలి రేటు ఎంత, ఇంక చెట్టు నరకకుండా ఎవరు పూచీ అని తేల్చుకుందాం. అవి తేలే మాటలు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది తేలే మాట కాదు, తేల్చమని మనల్ని ఎవరూ అడగలేదు.